కొండదారికి తగిన కొలత: తుంటి డిస్‌ప్లేసియాలో శస్త్రచికిత్సకు ముందు, తర్వాత శారీరక సామర్థ్యం



చింతపల్లి మండలం లంబసింగిలో, ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, వైద్యులు, ఫిజియోథెరపిస్టులు కూడిన సభలో చేస్తున్న ఈ ఉపన్యాసం డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారి స్మృతికి అంకితం. 1925 జనవరి 25న కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, ఈ కొండల కింద ఉన్న విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో రేడియాలజీ ఆచార్యుడిగా పేరు గడించి, తిరిగి వచ్చి హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థను డైరెక్టరుగా నడిపించిన ఆయన, ఎముకల ఎక్స్‌రేను చదవడంలో ఎందరో తెలుగు వైద్యులకు గురువు. 2000లో పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు. 2021 ఏప్రిల్ 16న కన్నుమూశారు. ఎముక ఎలా ఉందో ఫిల్ము చెబుతుంది, ఆ ఎముకతో మనిషి ఏం చేయగలుగుతున్నాడో మాత్రం ఆ మనిషిని నడిపించి, కూర్చోబెట్టి, బరువు మోయించి చూస్తేనే తెలుస్తుంది. ఎముకల ఎక్స్‌రేకు జీవితాన్ని అంకితం చేసిన ఆచార్యుని స్మృతిలో ఈ రెండో పని గురించి మాట్లాడడం ఆయన విద్యకు కొనసాగింపే.

ఈ ఉపన్యాసం ప్రతిపాదించేది ఒక్కటే. తుంటి లోపంతో పెరిగిన వయోజనుల శారీరక సామర్థ్యాన్ని, అంటే నడక, కూర్చోవడం, ఎక్కడం, దిగడం, మోయడం వంటి పనులు చేయగల శక్తిని, శస్త్రచికిత్సకు ముందూ తర్వాతా కొలవాలి. కొలిచే సాధనం ఆ మనిషి బతికే నేలకు సరిపోయేది కావాలి. పట్టణపు ఇళ్ల కోసం తయారైన కొలతతో కొండ మనిషిని కొలిస్తే, రాని ఫలితం వచ్చినట్టు, పోయిన శక్తి పోనట్టు కనిపిస్తుంది.

1. లోపం స్వరూపం

తొడ ఎముక పైభాగంలోని గుండ్రని తల కటి ఎముకలోని గుంటలో ఇమిడి తిరగడమే తుంటి కీలు. ఆ గుంట తగినంత లోతుగా, తలను పైనుంచి, పక్కనుంచి కప్పేటట్టుగా ఎదగకపోతే దానిని తుంటి డిస్‌ప్లేసియా అంటారు. చూరు పొట్టిగా వేసిన ఇంటిలో వాన గోడ పైఅంచు మీదే పడి ఆ అంచు ముందుగా నానిపోయినట్టు, ఇక్కడ శరీరపు బరువంతా గుంట అంచున ఉన్న సన్నని పట్టీ మీద పడి, అక్కడి మృదులాస్థి, అంటే కీలులోని నున్నని పొర, ఏళ్లు గడిచేకొద్దీ అరిగిపోతుంది. గుంట చుట్టూ ఉంగరంలా ఉండే లేబ్రం అనే మెత్తని అంచు కూడా చినుగుతుంది.

ఈ లోటును కొలిచే పద్ధతిని స్వీడన్ వైద్యుడు గున్నార్ విబెర్గ్ 1939లో వివరించాడు. ఎక్స్‌రే మీద తొడ ఎముక తల నడిబిందువు నుంచి నిట్టనిలువుగా ఒక గీతను, అదే బిందువు నుంచి గుంట పై అంచుకు మరొక గీతను గీస్తే వాటి మధ్య వచ్చే కోణం 25 డిగ్రీలకు మించితే సాధారణమనీ, 20 డిగ్రీలకు తగ్గితే డిస్‌ప్లేసియా అనీ, మధ్యలో ఉంటే సరిహద్దు స్థితి అనీ లెక్క. ఎక్స్‌రే చెప్పగలిగినది ఇంతవరకు స్పష్టంగా, నమ్మకంగా చెబుతుంది.

కండరాల సంగతి వేరు. ఒంటికాలి మీద నిలబడినప్పుడు కటి పక్కకు ఒరిగిపోకుండా పట్టి ఉంచేది పిరుదు పక్కన ఉన్న గ్లూటియస్ మీడియస్ అనే కండరం. జర్మన్ శస్త్రవైద్యుడు ఫ్రీడ్రిష్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లో, పుట్టుకతో తుంటి జారినవారి నడకను పరిశీలించి, వారు ఊగుతూ నడవడానికి కారణం కీలు జారడం ఒక్కటే కాదని, ఈ కండరం కటిని నిలబెట్టలేకపోవడమేనని తేల్చాడు. రోగిని దెబ్బతిన్న కాలి మీద నిలబెట్టి, రెండో కాలు ఎత్తమని, ఎత్తిన వైపు కటి కిందికి వాలుతుందేమో చూడడం నేటికీ ఆయన పేరనే పిలిచే పరీక్ష. దీనికి పరికరం అక్కరలేదు, కరెంటు అక్కరలేదు; ఉప ఆరోగ్య కేంద్రం అరుగు మీద చేయవచ్చు.

పసితనపు సంగతిని ఇక్కడ క్లుప్తంగానైనా ప్రస్తావించాలి. ఈ లోపం ఆడపిల్లలలోనూ, కాళ్లు కిందికి పెట్టుకుని పుట్టిన ఎదురుకాళ్ల బిడ్డలలోనూ, ఇంట్లో ఇంకొకరికి ఉన్నవారిలోనూ ఎక్కువ. దానితో పాటు పసిబిడ్డ రెండు కాళ్లనూ నిటారుగా చాచి బిగించి చుట్టే అలవాటు తుంటికి హాని చేస్తుంది. జపాన్‌లో 1970లలో ఈ అలవాటును మాన్పించే ప్రచారం జరిగాక, అంతకు ముందు నూటికి ఒకటి నుంచి మూడు దాకా ఉన్న తుంటి జారిన కేసులు 0.2 శాతం కన్నా తక్కువకు పడిపోయాయని అక్కడి వైద్యులు నమోదు చేశారు. మన్యంలో తల్లులు బిడ్డను నడుము మీద, రెండు కాళ్లూ రెండు వైపులా ఉండేటట్టు ఎత్తుకోవడం తుంటి గుంట ఎదగడానికి ఎంతో అనువైన పద్ధతి. దాన్ని మోటు అలవాటుగా చూసి మాన్పించడం తప్పు. అయితే డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి చలికి బిడ్డను గట్టిగా చుట్టాలనిపించడం సహజం కనుక, పైభాగాన్ని వెచ్చగా చుట్టి, కాళ్లు మడిచి విప్పుకోవడానికి చోటు వదలాలని బాలింతలకు చెప్పవలసిన బాధ్యత ఈ సభలోని ఆశా కార్యకర్తలదే.

2. శస్త్రచికిత్సకు ముందు పోయే శక్తి

పసితనంలో బయటపడని డిస్‌ప్లేసియా చాలామందిలో ఇరవై, ముప్పై ఏళ్ల వయసులో గజ్జలో నొప్పిగా మొదలవుతుంది. అమెరికాలో 57 మంది రోగులపై 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, నొప్పి మొదలైన నాటి నుంచి సరైన రోగనిర్ధారణ జరిగే దాకా సగటున అయిదేళ్లకు పైగా పట్టిందని తేలింది. గజ్జ నొప్పిని కండరం పట్టేసిందని, నడుము నొప్పి అని, ఆడవారైతే గర్భాశయపు బాధ అని పొరబడడం ఆ జాప్యానికి దారితీస్తుంది. ఎక్స్‌రే యంత్రం వీధి చివరనే ఉన్న దేశంలోనే అంత కాలం పడితే, ఎక్స్‌రే కోసం కొండ దిగి రావలసిన చోట ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

మన్యంలో ఇంకొక చిక్కు ఉంది, దాన్ని వైద్యులు ఎప్పుడూ మనసులో పెట్టుకోవాలి. గిరిజన ప్రాంతాలలో సికిల్ సెల్ వ్యాధి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో దాని నిర్మూలన కోసం జాతీయ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఆ వ్యాధిలో ఎర్రకణాలు కొడవలి ఆకారానికి మారి సన్నని రక్తనాళాలను అడ్డగించడం వల్ల తొడ ఎముక తలకు రక్తం అందక, ఆ ఎముక చచ్చిపోయి కుంగిపోవచ్చు. అందువల్ల ఈ ప్రాంతపు యువతీయువకులలో గజ్జ నొప్పి, కుంటు కనిపిస్తే డిస్‌ప్లేసియా ఒక్కటే అనుకోకుండా, ఎక్స్‌రేతో పాటు రక్తపరీక్ష కూడా చేయించాలి. జబ్బులు రెండూ వేరు, చికిత్సలూ వేరు. శారీరక సామర్థ్యాన్ని కొలవవలసిన తీరు మాత్రం రెండింటికీ ఒక్కటే కనుక, ఇక్కడ చెప్పే మాటలు చాలావరకు ఆ రోగులకూ వర్తిస్తాయి.

నొప్పి ఉన్నవారంతా మూలకు కూర్చోరు. శక్తి పోవడం తొలి ఏళ్లలో బయటికి కనబడదు, ఎందుకంటే మనిషి పనిని మానకుండా పని చేసే తీరును మార్చుకుంటాడు. నిట్టనిలువు అడ్డదారి వదిలి చుట్టుదారిలో వెళ్లడం, కాఫీ పళ్లు కోసేటప్పుడు వాలు మీది మొక్కలను ఇంకొకరికి వదలడం, రెండు బిందెల నీళ్లను రెండు విడతలుగా తేవడం, దిగేటప్పుడు పక్కకు తిరిగి అడుగు వేయడం అటువంటివే. ఈ సర్దుబాట్లను అడిగి తెలుసుకోకపోతే, ‘నడవగలుగుతున్నారా’ అన్న ప్రశ్నకు ‘ఆ, నడుస్తున్నాను’ అనే జవాబే వస్తుంది.

తుంటి మీద పడే బరువు లెక్క తెలిస్తే ఈ సర్దుబాట్లు ఎందుకో అర్థమవుతుంది. జర్మనీలో బెర్గ్‌మన్ బృందం, లోపల కొలత సాధనం అమర్చిన కృత్రిమ కీళ్లు వేయించుకున్నవారిని నడిపించి, మామూలు నడకలో తుంటి మీద శరీర బరువుకు సగటున 238 శాతం, మెట్లు ఎక్కేటప్పుడు 251 శాతం, దిగేటప్పుడు 260 శాతం భారం పడుతుందని 2001లో ప్రచురించింది. కటిని పట్టి ఉంచే కండరం లాగే లాగుడు కూడా కీలు మీదే పడడం వల్ల భారం శరీర బరువును అంతగా మించిపోతుంది. ఎక్కడం కన్నా దిగడంలోనే భారం కాస్త ఎక్కువన్న సంగతి, కొండ దిగేటప్పుడే ఎక్కువ బాధగా ఉందని చెప్పే రోగి మాటను నమ్మడానికి చాలు. నెత్తి మీద మోపు ఉంటే ఆ బరువు కూడా ఇదే తీరున పెరిగి కీలు మీదికి చేరుతుంది.

చేతికర్ర సంగతి కూడా ఈ లెక్కలోదే. నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకోవడం చాలామందికి అలవాటు, కానీ కర్ర రెండో వైపు చేతిలో ఉంటేనే కండరం పడే శ్రమ తగ్గి కీలు మీది భారం తగ్గుతుంది. ఒక చేత్తో బరువు మోయవలసి వస్తే మాత్రం నొప్పి ఉన్న వైపు చేత్తోనే మోయాలి. అమెరికా వైద్యుడు వాల్టర్ బ్లౌంట్ 1956లో చేతికర్రను పారేయవద్దని తోటి వైద్యులకు చెబుతూ వ్యాసమే రాశాడు. ఆ సలహా ఇవ్వడానికి శస్త్రచికిత్స గది అక్కరలేదు.

3. కొలతలు ఎవరి కోసం తయారయ్యాయి

ఈ ఉపన్యాసానికి కేంద్రం ఇదే కనుక ఇక్కడ కొంత నిదానించడం అవసరం.

తుంటి చికిత్సా ఫలితాన్ని కొలవడానికి ప్రపంచమంతటా ఎక్కువగా వాడే పట్టికలలో ఒకటి బోస్టన్ వైద్యుడు విలియం హారిస్ 1969లో ప్రచురించిన హారిస్ హిప్ స్కోర్. మొత్తం 100 మార్కులలో నొప్పికి 44, పనితనానికి 47, కీలు కదిలే మేరకు 5, వంకర లేకపోవడానికి 4. పనితనపు 47 మార్కులలో కుంటుకు, ఊతకర్ర అవసరానికి, నడవగల దూరానికి ఒక్కొక్కదానికి 11. మెట్లు ఎక్కడానికి 4. బూట్లు, మేజోళ్లు తొడుక్కోవడానికి 4. కుర్చీలో గంటసేపు హాయిగా కూర్చోవడానికి 5. ప్రజా రవాణా వాహనం ఎక్కగలగడానికి 1. నడవగల దూరాన్ని పట్టణపు వీధుల లెక్కన, ఒక కూడలి నుంచి ఇంకొక కూడలి దాకా ఉండే నిడివిని ప్రమాణంగా తీసుకుని అడుగుతారు.

ఈ పట్టికలో నేల మీద కూర్చోవడానికి ఒక్క మార్కు లేదు. గొంతుక్కూర్చోవడానికి లేదు, బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి లేదు, వాలు నేల మీద నడకకు లేదు, బరువు మోయడానికి లేదు. నేల మీద నుంచి ఇంకొకరి ఆసరా లేకుండా లేవలేని మనిషికి ఈ పట్టికలో 100కు 100 రావడానికి అడ్డేమీ లేదు. హారిస్ తన ఊరి రోగుల బతుకును శ్రద్ధగా చూసి పట్టిక రాశాడు, కాబట్టి ఇందులో ఆయన తప్పు లేదు. ఇక్కడి రోగుల బతుకును అంతే శ్రద్ధగా చూసి రాయకపోవడమే లోటు.

తర్వాత వచ్చిన పట్టికలు కొంత మెరుగయ్యాయి. 2003లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన హూస్ అనే ప్రశ్నావళిలో గొంతుక్కూర్చోవడం, ఎగుడుదిగుడు నేల మీద నడవడం రెండూ ఉన్నాయి. అయితే ఆ రెండింటినీ పరుగుతో పాటు ‘క్రీడలు, వినోదం’ అనే భాగంలో చేర్చారు. ‘రోజువారీ జీవనం’ అనే భాగం వేరుగా ఉంది. చెరువులవేనం గుట్ట ఎక్కడం మంచు చూడడానికి వచ్చే యాత్రికునికి వినోదమే కావచ్చు, కానీ అక్కడ ఇల్లు ఉన్న మనిషికి అది ఇంటికి వెళ్లే దారి. ఒకే పనిని వినోదం కింద లెక్కిస్తే ఆ శక్తి పోయినవారిది చిన్న కొరతగా కనిపిస్తుంది, రోజువారీ జీవనం కింద లెక్కిస్తే పెద్ద లోటుగా కనిపిస్తుంది. ఏది ముందు చికిత్స చేయాలి, ఏది ఆగవచ్చు అన్న నిర్ణయం ఈ లెక్క మీద ఆధారపడినప్పుడు, ప్రశ్న ఏ శీర్షిక కింద ఉందనేది రోగి తలరాతను మార్చగల విషయమవుతుంది.

రోడ్డు లేని ఊళ్ల నుంచి రోగులను డోలీ కట్టి మోసుకుంటూ కిందికి దించే దృశ్యం ఈ జిల్లాకు కొత్త కాదు. అటువంటి ఊరిలో నడవగల దూరం ఎంత అన్న ప్రశ్నకు ఒకే అర్థం ఉంది: వాహనం వచ్చే చోటు దాకా నడవగలరా, లేదా? ఆ దూరానికి కొద్దిగా ఇవతల ఆగిపోయే మనిషికి సంత లేదు, రేషన్ లేదు, ఆసుపత్రి లేదు. పట్టికలో మాత్రం ఆ కొద్ది తేడాకు ఒకటి రెండు మార్కులు తగ్గుతాయి.

4. శస్త్రచికిత్సలు రెండు

కీలు ఇంకా అరగని యువకులకు, గుంటను సరిచేసి సొంత కీలును నిలబెట్టే శస్త్రచికిత్స పెరియాసిటాబ్యులర్ ఆస్టియోటమీ. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రైన్‌హోల్డ్ గాంజ్ 1984లో దీన్ని మొదలుపెట్టి 1988లో లోకానికి వివరించాడు. గుంట చుట్టూ ఉన్న ఎముకను కోసి విడదీసి, తలను బాగా కప్పేటట్టు తిప్పి, స్క్రూలతో బిగిస్తారు. కటి వెనుక స్తంభాన్ని తెగకుండా వదలడం వల్ల రోగి త్వరగా లేచి చంకకర్రలతో నడవగలుగుతాడు. కీలు బాగా అరిగిపోయాక మిగిలేది తుంటి కీలు మార్పిడి. 1962లో ఇంగ్లండులోని రైటింగ్‌టన్‌లో జాన్ చార్న్‌లీ రూపొందించిన లోహం, పాలిథిలీన్ కీలు నుంచే నేటి పద్ధతులు ఎదిగాయి.

ఎంపిక చేసేటప్పుడు రోగి బతుకును అడగాలన్నది ఇక్కడ ముఖ్యమైన మాట. డిస్‌ప్లేసియా ఉన్న తుంటి, అరుగుదల ముదిరే దాకా, చాలా దూరం మడుచుకుంటుంది. అంటే నొప్పి ఉన్నా గొంతుక్కూర్చోగల శక్తి మిగిలి ఉంటుంది. గుంటను తిప్పేటప్పుడు ముందు వైపు అవసరానికి మించి కప్పితే, తొడ మడిచినప్పుడు ఎముక ఎముకకు తగిలి ఆ శక్తి పోతుంది. నడక నొప్పి తగ్గి, నేల మీద కూర్చోగల శక్తి పోవడం కుర్చీల ఇంటిలో లాభమే. పొయ్యి, మరుగుదొడ్డి, వరినాటు అన్నీ నేల మట్టాన ఉన్న బతుకులో అది ఎంతవరకు లాభమో రోగే చెప్పాలి. కీలు మార్పిడిలోనూ ఇదే చిక్కు. వెనుక వైపు నుంచి కోసి చేసే పద్ధతిలో, కొత్త కీలు జారిపోకుండా, తొలి వారాలలో తొడను 90 డిగ్రీలకు మించి మడవవద్దని చెప్పడం పరిపాటి. ఎత్తు పీట, ఎత్తు మరుగుదొడ్డి లేని ఇంటికి ఆ జాగ్రత్తల కాగితం ఒక్కటే ఇచ్చి పంపడం చికిత్సను సగంలో వదిలేయడమే. ఆ ఇంటికి వెళ్లి చూసే మనిషి ఎవరో శస్త్రచికిత్సకు ముందే నిర్ణయం కావాలి.

5. తర్వాతి ఏళ్లు

గాంజ్ తొలినాళ్లలో చేసిన 75 తుంటి శస్త్రచికిత్సలను బెర్న్ వైద్యులు దశాబ్దాల పాటు వెంబడించారు. ఇరవై ఏళ్లకు 60 శాతం తుంటి కీళ్లు మార్పిడి అవసరం లేకుండా నిలిచాయి. ముప్పై ఏళ్లకు అది 29 శాతానికి తగ్గింది. ఎవరిలో నిలవలేదో చూస్తే, శస్త్రచికిత్స నాటికి వయసు ఎక్కువైనవారు, అప్పటికే అరుగుదల ఉన్నవారు అన్నవి ఊహించదగినవే. వాటితో పాటు శస్త్రచికిత్సకు ముందే కుంటుతున్నవారు అన్నది కూడా ఆ జాబితాలో చేరింది. కుంటును కనిపెట్టడానికి యంత్రమేమీ అక్కరలేదు, మనిషి నడుస్తుంటే చూడాలి. ఈ సభలో కూర్చున్న ఏఎన్‌ఎం ఒక కుంటును గమనించి ఆ రోగిని ఈ ఏడాదే పెద్ద ఆసుపత్రికి పంపడానికీ, మూడేళ్ల తర్వాత పంపడానికీ మధ్య తేడా ఆ తుంటి ఆయుర్దాయంలో కనిపిస్తుంది.

కండరాల కథ వేరుగా సాగుతుంది. డెన్మార్క్‌లోని ఆర్హూస్ పరిశోధకులు శస్త్రచికిత్సకు ముందు డిస్‌ప్లేసియా రోగులలో తుంటి చుట్టూ ఉన్న కండరాలలో, స్నాయువులలో నొప్పి చాలా ఎక్కువమందిలో ఉన్నట్టు గుర్తించారు. ఏడాది తర్వాత అది బాగా తగ్గినా, దాదాపు మూడింట ఒక వంతు మందిలో మిగిలే ఉందని, ఆ నొప్పి మిగిలినవారికి పనితనం కూడా తక్కువగానే మెరుగైందని నమోదు చేశారు. ఎముకను ఒక్క పూటలో తిప్పవచ్చు, ఏళ్ల తరబడి సర్దుకుపోతూ నీరసించిన కండరం మాత్రం నెలల తరబడి వ్యాయామం చేస్తేనే బలపడుతుంది. కనుక ఆస్టియోటమీ తర్వాత తొలి ఆరు నుంచి ఎనిమిది వారాలు చంకకర్రలతో కొద్ది బరువే మోపుతూ గడపడం చికిత్సలో మొదటి భాగం మాత్రమే. పిరుదు పక్క కండరాన్ని బలపరిచే భాగం దాని వెనుక వస్తుంది, సాధారణంగా తెగిపోయేదీ అదే.

ఎందుకు తెగిపోతుందో ఈ ప్రాంతంలో స్పష్టంగా కనిపిస్తుంది. వానాకాలంలో జారే మట్టిదారిలో చంకకర్రతో నడవడమే ప్రమాదం. నవంబరు నుంచి కాఫీ కోతలు మొదలైతే ఇంట్లో ఏ చేయీ ఖాళీగా ఉండదు, బాలింత అయినా, కోలుకుంటున్న మనిషి అయినా తోటలోకి దిగవలసి వస్తుంది. శస్త్రచికిత్స తేదీని ఆసుపత్రి ఖాళీని బట్టి మాత్రమే కాకుండా, కోతలు ముగిసి వానలు రాకముందు ఉండే నెలలను బట్టి నిర్ణయిస్తే, కోలుకోవడానికి ఒక కుటుంబం ఇవ్వగలిగిన సమయం పెరుగుతుంది. ఇది వైద్యశాస్త్రం కాదని ఎవరైనా అనవచ్చు. ఫలితాన్ని మార్చేది ఏదైనా వైద్యశాస్త్రంలో భాగమే.

6. ఇక్కడ కొలవవలసినవి

అంతర్జాతీయ ఆస్టియో ఆర్థ్రైటిస్ పరిశోధకుల సంఘం 2013లో తుంటి, మోకాలు రోగుల కోసం చేయించి చూసే పరీక్షలను సూచించింది: 30 సెకన్లలో కుర్చీ నుంచి ఎన్నిసార్లు లేవగలరు, 40 మీటర్లు ఎంత వేగంగా నడవగలరు, మెట్లు ఎక్కి దిగడానికి ఎంత సమయం పడుతుంది, ఆరు నిమిషాలలో ఎంత దూరం నడుస్తారు మొదలైనవి. నోటితో చెప్పే జవాబు కన్నా చేసి చూపిన పని నమ్మదగినదన్న ఆ సూత్రాన్ని యథాతథంగా తీసుకుని, పనులను ఇక్కడివిగా మార్చాలి. కుర్చీ బదులు నేల మీద నుంచి, చేతి ఆసరాతో, ఆసరా లేకుండా లేవడం. మెట్ల బదులు ఆరోగ్య కేంద్రం దగ్గరి ఒక వాలును ఎంచుకుని, దాని నిడివిని ఒకసారి టేపుతో కొలిచి రాళ్లు పాతి, ఎక్కడానికీ దిగడానికీ వేరువేరుగా సమయం చూడడం. రోజూ మోసే బిందె, మోపు, బుట్టలలో ఏదో ఒకటి సగం బరువుతో, పూర్తి బరువుతో మోయగలరా అని చూడడం. ఒక్కొక్క కాలి మీద 30 సెకన్లు నిలబెట్టి కటి వాలిందా గమనించడం. సెల్‌ఫోనులోని గడియారం, ఒక పుస్తకం ఉంటే ఇవన్నీ అరగంటలో పూర్తవుతాయి. కొత్త పరీక్షలు కనుక, మొదట ఆరోగ్యవంతులైన అదే ఊరి, అదే వయసు స్త్రీపురుషులతో చేయించి, ఇక్కడి మామూలు కొలత ఏమిటో రాసి పెట్టుకోవడం తప్పనిసరి. పాడేరులో వైద్య కళాశాల వచ్చింది కనుక ఈ పనిని తొలి బ్యాచ్‌ల విద్యార్థులు తమ సామాజిక వైద్య అధ్యయనంగా చేపట్టడానికి వీలుంది.

కొలత శస్త్రచికిత్సకు ముందు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి అదే వాలు మీద, సాధ్యమైనంతవరకు అదే కార్యకర్త చేతుల మీదుగా జరగాలి. ముందు కొలవని మనిషికి తర్వాతి కొలత దేనితో పోల్చాలో తెలియక వృథా అవుతుంది. ఏడాది తర్వాత నొప్పి తగ్గినా దిగే సమయం తగ్గకపోతే అది కండరపు బలహీనత అని భావించి ఫిజియోథెరపీని మళ్లీ మొదలుపెట్టాలి. నేల మీద నుంచి లేవడం ముందుకన్నా కష్టమైతే ఎక్స్‌రేతో శస్త్రవైద్యుని వద్దకు తిరిగి పంపాలి. రెండో తుంటిలో కూడా లోపం ఉండడం తరచు కనుక రెండు కాళ్ల కొలతలనూ వేరువేరు వరుసలలో రాయాలి. ఆ కాగితం మూడు ప్రతులుగా ఉండాలి: ఒకటి ఆరోగ్య కేంద్రంలో, ఒకటి శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రిలో, మూడవది రోగి ఇంట్లో, తెలుగులో.